మిలియన్ డాలర్ హైవే మీద అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: డల్లాస్ నుంచి సొంత టొయోటా సియెన్నా వ్యాన్‌లో, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలతో, ఏడేళ్ల బాబుతో సెప్టెంబరులో కొలరాడో వెళ్దామనుకుంటున్నారు. డురాంగో, సిల్వర్టన్, యూరే, టెల్యురైడ్ చుట్టి వచ్చే శాన్ హువాన్ స్కైవే చూడాలని ఉంది. కానీ రెయిలింగ్ లేని లోయ అంచుల వీడియోలు చూసి ఇంట్లో అందరికీ టెన్షన్ పట్టుకుంది. నాన్నగారికి బీపీ కూడా ఉంది. రోడ్డు నిజంగా అంత ప్రమాదమా, ఎన్ని రోజులు పెట్టుకోవాలి, ఫోర్ వీల్ డ్రైవ్ బండి అద్దెకు తీసుకోవాలా అని మీ ప్రశ్నలు.

వెళ్లండి. మీ సియెన్నా చాలు. డురాంగో నుంచి యూరే వైపు వెళ్లండి, అటు నుంచి ఇటు కాదు. పగటిపూట, రోడ్డు పొడిగా ఉన్నప్పుడే ఎక్కండి. పెద్దవాళ్లతో సిల్వర్టన్‌లో రాత్రి పడుకోకండి. మిగతావి మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. ఈ చివరిది చెప్పి ఉండరు, నాకు అది దెబ్బ తిన్నాక తెలిసింది.

నేను డెన్వర్ పక్కన అరోరాలో పధ్నాలుగేళ్లుగా ఉంటున్నాను. ఈ చుట్టు తొమ్మిదిసార్లు తిరిగాను, అందులో నాలుగుసార్లు ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లతో. కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను.

ముందు రోడ్డు సంగతి. స్కైవే మొత్తం చుట్టు సుమారు 236 మైళ్లు. అందులో ఎక్కువ భాగం మామూలు కొండదారే. వీడియోల్లో గుండె జల్లుమనిపించేది సిల్వర్టన్‌కీ యూరేకీ మధ్య ఉన్న పాతిక మైళ్లలో (మిలియన్ డాలర్ హైవే అనేది దీన్నే) ఒక ముక్క, రెడ్ మౌంటెన్ పాస్ (పాస్ అంటే రోడ్డు కొండలు దాటే కనుమ) దిగి యూరే చేరేలోపు వచ్చే అన్‌కంపాగ్రే లోయ. తిరుమల ఘాట్ రోడ్డులో ఎక్కే దారి వేరు, దిగే దారి వేరు, పక్కన పిట్టగోడ ఉంటుంది. ఇక్కడ ఉన్నదొక్కటే రోడ్డు, రెండే లేన్లు, చాలా చోట్ల పిట్టగోడా లేదు, రెయిలింగూ లేదు. శీతాకాలంలో మంచు తోసే బండ్లు ఆ మంచునంతా లోయలోకే నెట్టాలి. రెయిలింగ్ పెడితే మంచు పోయే దారి ఉండదు. అందుకే అలా వదిలేశారంటారు.

అమెరికాలో కుడివైపు నడుపుతాం కదా. యూరే నుంచి సిల్వర్టన్‌కి వస్తుంటే లోయ సరిగ్గా మీ కుడి పక్కనే ఉంటుంది. సిల్వర్టన్ నుంచి యూరేకి వెళ్తుంటే మీరు కొండ గోడను ఆనుకుని వెళ్తారు, మీకూ లోయకూ మధ్య ఎదురొచ్చే లేను ఉంటుంది. అదే రోడ్డు, అవే మలుపులు. కానీ కారులో కూర్చున్నవాళ్లకు రెండూ వేర్వేరు ప్రయాణాలు. నేను మొదటిసారి తెలియక అక్టోబరులో, సాయంత్రం పొద్దుగూకే వేళ యూరే వైపు నుంచి ఎక్కాను. మా ఆవిడ కుడి సీట్లో ఉంది. ఆమె వైపు అద్దంలోంచి చూస్తే తెల్లగీత, గీత పక్కన నాలుగు వేళ్ల మట్టి, ఆ తర్వాత గాలి. తలుపు పైన హ్యాండిల్ పట్టుకున్న చెయ్యి సిల్వర్టన్ వచ్చేదాకా తీయలేదు. హోటల్లో దిగాక మాట్లాడిన మొదటి మాట, "తిరిగి వెళ్లేటప్పుడు వేరే దారి ఉందా?"

నడిపేవాళ్లకు రెండు మాటలు. మలుపుల దగ్గర గంటకు 10, 15 మైళ్లని బోర్డులు ఉంటాయి, అవి అలంకారానికి పెట్టినవి కావు. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు పెట్టి ఉంచకండి, గేరు తగ్గించి ఇంజనుతోనే బండిని ఆపుకుంటూ రండి. మీ బండిలో గేరు చేత్తో ఎలా తగ్గించాలో ఇంటి దగ్గరే చూసుకోండి, పాస్ మీద నేర్చుకునే విషయం కాదది. వెనక నాలుగు కార్లు చేరితే వెడల్పు ఉన్న చోట పక్కకు ఆపి వాళ్లను పోనివ్వండి. స్థానికులు రోజూ తిరిగే రోడ్డు అది, వాళ్లతో పోటీ మనకెందుకు? ఫోన్ సిగ్నల్ మధ్యమధ్యలో పోతుంది, మ్యాప్ ముందే దించుకోండి. పెట్రోలు డురాంగోలో నింపేయండి.

యూరే చేరబోయే ముందు బేర్ క్రీక్ జలపాతం దగ్గర ఆగడానికి చోటుంది, తప్పకుండా ఆగండి. నీళ్లు రోడ్డు కిందనుంచి దూకి లోయలో పడతాయి. అప్పటి రష్యా సామ్రాజ్యంలో పుట్టి ఇక్కడికి వలస వచ్చిన ఆటో మియర్స్ అనే ఆయన 1880లలో గనుల కోసం ఈ దారిని టోల్ రోడ్డుగా తవ్వించాడు. టోల్ గేటు పెట్టింది ఈ జలపాతం దగ్గరే. ఒక పక్క నిలువు గోడ, ఇంకో పక్క నిలువు లోయ, డబ్బు కట్టకుండా జారుకోవడానికి సందు లేదు. మన టోల్ ప్లాజాల వాళ్లకు కూడా అంత మంచి చోటు దొరికి ఉండదు. తర్వాత కార్ల కోసం దాన్ని మళ్లీ కట్టి 1924లో తెరిచారు. మిలియన్ డాలర్ పేరు ఎలా వచ్చిందంటే ఒక్కొక్కరు ఒక్కో కథ చెప్తారు: మైలుకు మిలియన్ ఖర్చయిందని కొందరు, రోడ్డుకి పోసిన మట్టిలోనే అంత బంగారం ఉందని కొందరు. రెండో కథ మీ బాబుకి చెప్పండి, దారి పొడుగునా రాళ్లు ఏరుతాడు.

ఇక అసలు సంగతికి వస్తాను. మీరు భయపడాల్సింది రోడ్డు అంచును చూసి కాదు, ఎత్తును చూసి. తిరుమల మూడు వేల అడుగుల ప్రాంతంలో ఉంటుంది. ఇక్కడ డురాంగోయే 6,500 అడుగులు, యూరే 7,800, సిల్వర్టన్ 9,318, రెడ్ మౌంటెన్ పాస్ 11,000 పైన. అంత పైన గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గర ఉండేదానిలో మూడింట రెండు వంతులే. డల్లాస్ నుంచి ఒక్క రోజులో అక్కడికి చేరితే, పెద్దవాళ్లకే కాదు, మీకూ తలనొప్పి రావచ్చు.

మా అత్తమ్మ ఖమ్మం నుంచి వచ్చి రెండు రోజులే అయింది, బయల్దేరదీశాను. డెన్వర్ కూడా మైలు ఎత్తే కదా, అలవాటైపోయి ఉంటుందిలే అనుకున్నాను. సిల్వర్టన్ ఊరు చాలా నచ్చింది, అక్కడే గది తీసుకున్నాం. రాత్రి పన్నెండుకి ఆమెకు తల పగిలిపోతోందంది, రెండుకి వాంతులు. ఎత్తు పడకపోతే చేయాల్సిన మొదటి పని కిందికి దిగడం. కారు తాళాలు చేతిలో పట్టుకుని వరండాలో నిలబడ్డాక గాని నా బుర్రకు తట్టలేదు: సిల్వర్టన్ ఒక గిన్నె అడుగున ఉన్న ఊరు. ఎటు వెళ్లాలన్నా ముందు పైకి ఎక్కాలి. డురాంగో వైపు మోలాస్ పాస్ 10,900 అడుగులు, అది దాటాక కోల్‌బ్యాంక్ పాస్ ఇంకో 10,600. యూరే వైపు రెడ్ మౌంటెన్. అర్ధరాత్రి, వాంతులవుతున్న మనిషితో, ఇంకా పైకి ఎక్కి, ఆ రోడ్డు మీద దిగడం! వెళ్లలేదు. దిండ్లు ఎత్తుగా పెట్టి, కొంచెం కొంచెం నీళ్లు తాగిస్తూ తెల్లారేదాకా కూర్చున్నాం. వెలుగు రాగానే బయల్దేరి డురాంగో చేరాక గంటలో మనిషి మామూలైంది, ఇడ్లీ దొరుకుతుందా అని అడిగింది. అదృష్టం బాగుండి అంతటితో పోయింది. పిచ్చిమాటలు మాట్లాడినా, తూలినా, కూర్చున్న చోటే ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగే విషయం కాదది, వెంటనే 911కి ఫోన్ చేయాలి.

కాబట్టి పడుకునే ఊళ్లు జాగ్రత్తగా ఎంచుకోండి. మీరు కారులోనే వస్తున్నారు కనుక అది మీకు కలిసొస్తుంది: మొదటి రాత్రి ఆల్బకర్కీలో ఆగండి, అది ఐదు వేల అడుగుల పైన ఉంది. మర్నాడు నాలుగు గంటల్లో డురాంగో. అక్కడ రెండు రాత్రులు. తర్వాత పొద్దున్నే బయల్దేరి సిల్వర్టన్‌లో మధ్యాహ్నం దాకా గడిపి, యూరేలో రెండు రాత్రులు. అక్కడి నుంచి టెల్యురైడ్ చూసి, లిజర్డ్ హెడ్ పాస్ మీదుగా దిగి కార్టెజ్‌లో ఒక రాత్రి, మెసా వెర్డే నేషనల్ పార్కు చూసుకుని వెనక్కి. డల్లాస్ రాకపోకలు కాక ఐదు రోజులు ఉంచుకోండి. ఒక్క రోజులో చుట్టేశామని చెప్పేవాళ్లుంటారు. చుట్టొచ్చు. పెద్దవాళ్లకు ఆ రోజు కారు సీటు తప్ప ఏమీ గుర్తుండదు.

నాన్నగారి బీపీ మందుల చీటీ డాక్టరుకి చూపించి, ఈ ఎత్తులు చెప్పి అడగండి. ఎత్తు కోసం ముందుగా వేసుకునే మాత్రలున్నాయి, కానీ అవి అందరికీ సరిపడవు, సల్ఫా అలర్జీ ఉన్నవాళ్లు ముఖ్యంగా చెప్పాలి. ఫోరంలో నాలాంటివాళ్ల మాట మీద వేసుకునే మందు కాదది. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు కారులోనే ఉంచండి.

అమ్మగారికి కారు మలుపులు పడవని రాశారు. దానికి మంచి ఉపాయం రైలు. డురాంగో నుంచి సిల్వర్టన్‌కి 1882లో వేసిన నారోగేజ్ రైలు ఇప్పటికీ నడుస్తోంది, 45 మైళ్లు, ఆవిరి ఇంజను, మూడున్నర గంటలు. రోడ్డు వెళ్లని ఆనిమస్ నది లోయలోంచి వెళ్తుంది, ఒకచోట కొండకు చెక్కిన గట్టు మీద నదికి చాలా పైన పాక్కుంటూ పోతుంది. ఒకప్పుడు ఈ రైల్లోనే వెండి ఖనిజం కిందికి దిగేది. మీలో ఒకరు పెద్దవాళ్లతో, బాబుతో రైలెక్కండి, ఒకరు కారు తీసుకుని గంటన్నరలో సిల్వర్టన్ చేరి స్టేషన్లో ఎదురుచూడండి. ఒకవైపు టికెట్ చాలు. మేం రెండుసార్లు అలాగే చేశాం, పెద్దవాళ్లు ఇప్పటికీ ఆ రైలు గురించే చెప్తారు.

సిల్వర్టన్‌లో ఏం చూడాలంటే, గని. ఊరికి దగ్గర్లో ఓల్డ్ హండ్రెడ్ అనే పాత బంగారు గనిలోకి టూరిస్టులను తీసుకెళ్తారు. హెల్మెట్, రెయిన్‌కోటు ఇచ్చి చిన్న కరెంటు బండి మీద కొండ లోపలికి మైలులో మూడో వంతు దూరం తీసుకెళ్తారు. లోపల ఎప్పుడూ చలే, స్వెట్టర్ తప్పనిసరి. మా నాన్న కొత్తగూడెంలో సింగరేణి అండర్‌గ్రౌండ్‌లో ముప్పై ఒక్క ఏళ్లు చేసి రిటైరయ్యారు. అమెరికాలో ఆయనకు ఏదీ పెద్దగా ఆనలేదు, శాన్‌ఫ్రాన్సిస్కో వంతెన చూసి కూడా "బాగుంది" అని ఊరుకున్నారు. ఇక్కడ హెల్మెట్ పెట్టుకోగానే మనిషి మారిపోయాడు. గైడు చెప్పేది నేను తెలుగులోకి మార్చేలోపే ఆయన నాకు చెప్పడం మొదలుపెట్టారు. లోపల అందరూ డ్రిల్లింగ్ మిషన్ చుట్టూ మూగితే, ఈయన మాత్రం పక్కకు జరిగి చేతికర్రతో పైకప్పు మీద మెల్లగా రెండుసార్లు కొట్టి చెవి పెట్టారు. గైడు అది చూశాడు. ఏమీ అనకుండా తన చేతిలో ఉన్న ఇనుప కడ్డీ ఇచ్చాడు. ఈయన ఇంకో రెండు చోట్ల కొట్టి, "చప్పుడు గట్టిగ వస్తుంది, రూఫ్ మంచిదే అని చెప్పు" అన్నారు. గుల్లగా మోగితే రాయి వదులైందని లెక్క, బొగ్గుబాయిలోనైనా బంగారు గనిలోనైనా అంతే. చెప్తే గైడు నవ్వి ఆయన చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత టూరంతా గైడు ఈయన వైపు చూస్తూనే మాట్లాడాడు, ఈయనకు ఇంగ్లిష్ రాదన్న సంగతి ఇద్దరిలో ఎవరూ పట్టించుకోలేదు.

ఈ ఊళ్ల కథ అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. ఈ కొండలు యూట్ తెగవాళ్లవి. 1873లో బ్రూనో ఒప్పందం పేరుతో గనులున్న ప్రాంతమంతా వాళ్ల చేతుల్లోంచి తీసేసుకున్నారు. అప్పుడు యూట్ల తరఫున మాట్లాడిన నాయకుడి పేరే యూరే. నేల తీసుకుని ఊరికి ఆయన పేరు పెట్టారు. తర్వాత ఇరవై ఏళ్లు వెండి రాజ్యమేలింది. 1893లో అమెరికా ప్రభుత్వం వెండి కొనడం ఆపేసరికి ధర పడిపోయి చాలా ఊళ్లు ఖాళీ అయ్యాయి. బంగారం దొరికినవి బతికాయి. సిల్వర్టన్‌లో చివరి పెద్ద గని 1991లో మూతపడింది.

రెడ్ మౌంటెన్ పాస్ దగ్గర కొండలు కుంకుమ రాసినట్టు ఎర్రగా ఉంటాయి, రాతిలోని ఇనుముకు తుప్పు పట్టడమే ఆ రంగు. రోడ్డు పక్కనే పాత గనుల చెక్క కట్టడాలు కనిపిస్తాయి. కొన్ని వాగులు నారింజ రంగులో పారుతుంటాయి, చూడ్డానికి అందంగా ఉన్నా బాబును ఆ నీళ్లలో చెయ్యి పెట్టనివ్వకండి. గనుల నుంచి ఊరే ఆమ్లం, లోహాలు ఉంటాయి అందులో. 2015 ఆగస్టులో సిల్వర్టన్ పైనున్న గోల్డ్ కింగ్ గని నుంచి ముప్పై లక్షల గ్యాలన్ల మురుగు ఒక్కసారిగా బయటపడి ఆనిమస్ నది మొత్తం పసుపు రంగుకు తిరిగింది. గని మూసినంత మాత్రాన గని పని అయిపోదని మా నాన్న ఎప్పుడూ అనేవారు.

యూరేలో మాత్రం తాపీగా ఉండండి. మూడు వైపులా నిలువు కొండలు, నడుమ చిన్న ఊరు, ఊరి చివర వేడినీటి కొలను. గంధకం వాసన రాదు, అమ్మగారి మోకాళ్లకు హాయిగా ఉంటుంది. ఊరి పక్కన బాక్స్ కెన్యన్ అనే ఇరుకు లోయలో జలపాతం ఉంది, కిందికి దారి సులువే. ఇక్కడికి వచ్చిన ప్రతి తెలుగువాళ్లకీ నేను చెప్పే కథ ఒకటుంది. ఐర్లాండ్ నుంచి వచ్చిన వడ్రంగి థామస్ వాల్ష్ 1896లో యూరే పైన, వెండి కోసం తవ్వి వదిలేసిన చోట బంగారం కనిపెట్టాడు. అదే క్యాంప్ బర్డ్ గని. 1902లో దాన్ని యాభై లక్షల డాలర్లకు పైగా అమ్మేశాడు. ఆ డబ్బులో పెరిగిన కూతురు ఎవలిన్, భర్తతో కలిసి 1911లో ఒక నీలి వజ్రం కొంది: హోప్ డైమండ్. అది ఎక్కడిదంటే, మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిదని చెప్తారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. వజ్రమేమో వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియం అద్దాల పెట్టెలో ఉంది. మీ నాన్నగారిది గుంటూరు వైపని రాశారు కదా, ఊరి నడిబొడ్డున నిలబెట్టి ఈ కథ చెప్పండి.

టెల్యురైడ్ గురించి ఎక్కువ రాయను, అందంగా ఉంటుంది, ఖరీదుగా కూడా ఉంటుంది. మౌంటెన్ విలేజ్‌లో కారు పెట్టి గొండోలా (రోప్‌వే) ఎక్కండి, ఉచితం. పైకెళ్లి కొండ అవతల ఊళ్లోకి దింపుతుంది. పేరుమోసిన బందిపోటు బుచ్ క్యాసిడీ 1889లో తన మొదటి బ్యాంకు దొంగతనం చేసింది ఈ ఊళ్లోనే. యూరే నుంచి టెల్యురైడ్ గద్ద ఎగిరి వెళ్తే దగ్గరే, కారులో దాదాపు 50 మైళ్లు చుట్టు.

ఫోర్ వీల్ డ్రైవ్ బండి అడిగారు. స్కైవేకి అక్కర్లేదు. సిల్వర్టన్ నుంచి ఆల్పైన్ లూప్ అని మట్టిదారులున్నాయి, పన్నెండు వేల అడుగులు దాటి వెళ్తాయి. ఫోన్ మ్యాపు ఒక్కోసారి దగ్గరి దారి అని అటు చూపిస్తుంది. సియెన్నాతో ఆ మట్టిదారి ఎక్కకండి. జీపులో కూడా పెద్దవాళ్ల నడుములకు అది మంచిది కాదు.

తిండి గురించి అడగలేదు గానీ, అడగాల్సింది అదే. డురాంగో దాటాక మన భోజనం ఆశ పెట్టుకోకండి. పులిహోర, చపాతీలు, పెరుగు కూలర్లో పెట్టుకోండి. వంటగది ఉన్న గది దొరికితే ఇంట్లోని ప్రెషర్ కుక్కర్ వెంట తెచ్చుకోండి, విజిలేసే మామూలు కుక్కరే. ఈ ఎత్తులో నీళ్లు తొంభై రెండు డిగ్రీల ప్రాంతంలోనే మరుగుతాయి. మేం ఒకసారి విడిగా గిన్నెలో కందిపప్పు పెట్టాం, గంటంబావు ఉడికాక కూడా పప్పు పలుకు పలుకుగానే ఉంది. నాన్న అది నోట్లో వేసుకుని "గనిలో రాయి దీనికంటే మెత్తన" అన్నారు.

ఎప్పుడు రావాలంటే, సెప్టెంబరు చివరి వారం. ఆస్పెన్ చెట్లు పసుపెక్కి, మోలాస్ పాస్ నుంచి చూస్తే కొండల మీద బంతిపూలు ఆరబోసినట్టుంటుంది. జులై, ఆగస్టుల్లో పూలు బాగుంటాయి గానీ మధ్యాహ్నం పిడుగుల వానలు. అక్టోబరు నడిమికి మంచు మొదలవుతుంది, ఆ పైన మంచు చరియలు పడి రోడ్డు మూసేసే రోజులుంటాయి. రెడ్ మౌంటెన్ పాస్ దగ్గర మంచు తోస్తూ చనిపోయిన డ్రైవర్ల స్మారకం ఉంది, దిగేటప్పుడు మీరే చూస్తారు. సెప్టెంబరులో కూడా బయల్దేరే రోజు పొద్దున రోడ్డు పరిస్థితి ఒకసారి చూసుకోండి. వాన పడుతుంటే డురాంగోలోనే ఇంకో రోజు ఉండిపోండి, ఆ రోజు మెసా వెర్డే ముందుగా చూసేయొచ్చు.

యూరేలో గదులు తక్కువ, ఆకులు రంగు మారే వారాంతాలు చాలా ముందే నిండిపోతాయి. శుక్ర, శనివారాలు వదిలేసి ఆది, సోమవారాలకు ఈ వారమే బుక్ చేసేయండి, లిఫ్ట్ లేని పాత హోటళ్లుంటాయి కాబట్టి కింది అంతస్తు గది అడగండి.